డ్రైవరు బాలస్వామి వేసిన బొమ్మలు

1957 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున, బందరు నుంచి గుడివాడ వెళ్తున్న బస్సు పామర్రు దాటగానే, డ్రైవరు బాలస్వామికి గుండెల మీద ఎవరో రోకలి పెట్టి నొక్కినట్టయింది. ఎడమచెయ్యి స్టీరింగు మీంచి జారిపోయింది. కుడిపక్కన కాలువ నిండుగా పారుతోంది. వెనక నలభై మంది జనం. పళ్ళు బిగబట్టి బ్రేకు తొక్కాడు. బస్సును ఎడమపక్క తుమ్మచెట్ల నీడకి తెచ్చి ఇంజను ఆపేశాడు. ఆ తర్వాతే ముందుకు వాలిపోయాడు.

బస్సులోని జనమే ఆయన్ని ఒక ధాన్యం లారీలో పడుకోబెట్టి, బందరులోని మిషను ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది. డాక్టరుగారు మాత్రం రెండు మాటలు ఖచ్చితంగా చెప్పారు. ఆరు వారాలు మంచం దిగకూడదు. ఇక జన్మలో బస్సు నడపకూడదు.

మొదటి మాటకి బాలస్వామి తల ఊపాడు. రెండో మాటకి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆ రోడ్డు తప్ప మరో పని తెలీదు. భార్య భాగ్యమ్మ గంజి తెస్తే వద్దన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకోలేదు, పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆ వార్డులో ఎలీసబెతు అనే నర్సు ఉండేది. ముప్పై ఏళ్ళుంటాయి, ఎవరి కోపాన్నీ లెక్కచేసే మనిషి కాదు. ఒకరోజు మధ్యాహ్నం, అమెరికా వాళ్ళు ఉచితంగా పంపే పత్రిక ఒకటి తెచ్చి ఆయన ముఖం ముందు తెరిచి పట్టుకుంది. అందులో ఒక బట్టతల పెద్దాయన స్టూలు మీద కూర్చుని రంగులు వేస్తున్నాడు.

"ఈయనెవరో తెలుసా బాలస్వామిగారూ?"

"ఏ బోర్డులు రాసే ఆయనో."

"అమెరికా ప్రెసిడెంటు ఐసెన్‌హోవరు. రెండేళ్ళ కిందట మీకొచ్చిన జబ్బే వచ్చింది. లేచి, మళ్ళీ ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. తీరిక దొరికితే ఇదిగో, బొమ్మలేస్తాడు. యాభై ఎనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టాడట. కర్రతో బంతిని గుంటలోకి కొట్టే ఆట ఆడతాడు. గాలం వేసి చేపలు పడతాడు. పట్టినవి తనే వండుతాడట కూడా."

పక్క మంచం మీద గిలకలదిండి జాలరి పున్నారావు పడుకుని ఉన్నాడు. పడవ అంచు తగిలి కాలు విరిగింది. ఆయన మోచేతుల మీద లేచాడు.

"ఉండండి సిస్టరమ్మా. ప్రెసిడెంటయ్యుండి చేపలు పట్టడమేంటి? ఇంట్లో గడవకా?"

"సరదాకి."

"సరదాకా!" పున్నారావు, గంజిగిన్నెతో పక్కన కూర్చున్న భాగ్యమ్మ కేసి తిరిగాడు. "ఆయన్ని మా పడవెక్కించి నాలుగు రోజులు సముద్రంలో తిప్పితే ఆ సరదా ఏమవుద్దో చూడాలి."

భాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వంట కూడానా! మా ఇంట్లో ప్రెసిడెంటుగారు ఇప్పటిదాకా పొయ్యి మొహం చూళ్ళేదు."

బాలస్వామి నవ్వలేదు. "పెద్దవాళ్ళకి అన్నీ సాగుతాయి. వాళ్ళు కుంచె పట్టినా పేపర్లో వేస్తారు. నా చక్రం లాగేసుకుని నాకు బొమ్మలు చూపిస్తారా?" అని పత్రికని కిందికి తోసేశాడు.

ఎలీసబెతు దాన్ని తీసి, దులిపి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో పత్రిక లేదు, ఒక తెల్ల కాగితం, పెన్సిలు ఉన్నాయి. హంసలదీవి పక్క పల్లెల్లో కలరా పుట్టిందని, తెల్లవారితే సూదిమందుతో బయల్దేరాలని చెప్పింది. "కోడూరు దాటాక దారి చెప్పేవాళ్ళు దొరకరంట. మీరు పుట్టింది అటేగా. కాస్త గీసి ఇవ్వండి."

దారి అడిగితే కాదనే డ్రైవరు ఉండడు. దిండుకి ఆనుకుని గీయడం మొదలుపెట్టాడు. కాలువగట్టు, నీళ్ళు ఆపే లాకు, గట్టు రెండుగా చీలేచోట పక్కకి ఒరిగిన జంట తాడిచెట్లు, వాటి తర్వాత ఉప్పునేల, మడ చెట్లు. తాళ్ళు ఎటు ఒరిగాయో చూపించాలి కదా అని వాటి ఆకులు కూడా గీశాడు. గట్టు మీద గేదెలు తోలుకెళ్ళే మనిషిని ఎందుకు గీశాడో తనకే తెలీదు. తల ఎత్తేసరికి భోజనం వేళ దాటిపోయింది. ఇన్నాళ్ళలో ఒక పూట నొప్పి సంగతి గుర్తు రాకపోవడం అదే మొదలు.

నాలుగు రోజులకి ఎలీసబెతు తిరిగొచ్చింది. ఎండకి ముఖం కమిలిపోయింది. సరాసరి ఆయన మంచం దగ్గరికే వచ్చింది.

"చీలిక దగ్గర బండివాడు కుడికి తిప్పబోయాడండీ. మీ తాళ్ళు చూసి నేను ఎడమకి పొమ్మన్నాను. కుడికి పోయుంటే పొద్దుగూకేదాకా బురదలో ఉండేవాళ్ళం. ఆ సాయంత్రానికే అరవై మందికి సూదులు వేశాం."

బాలస్వామి దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, "సిస్టరుగారూ, ఆ పత్రిక ఇంకా ఉందా?" అని అడిగాడు.

పత్రిక ఉంది. దాంతోపాటు ఆమె ఒక రంగుల పెట్టె, కాగితాల కట్ట కూడా కొనుక్కొచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళేలోపు ఆయన కాగితాలన్నీ నింపేశాడు. ఇరవై ఏళ్ళు బస్సు అద్దంలోంచి చూసి వదిలేసినవన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. చెరువులో గేదె వీపు మీద కొంగ. నిడుమోలు దగ్గర గొడుగు పట్టుకుని బస్సు ఆపే ముసలమ్మ. ఊడ్పుల్లో వంగిన ఆడవాళ్ళ వీపులు. మనుషుల ముఖాలు మాత్రం కుదిరేవి కాదు, అందరూ ఒక్క తల్లి పిల్లల్లా ఉండేవారు. అమెరికా పెద్దాయన కూడా తనకి నేర్పు లేదనే చెప్పుకుంటాడట. ఆ ముక్క ఎలీసబెతు చదివి వినిపించినప్పటి నుంచి బాలస్వామికి సిగ్గు పోయింది.

బస్సుల యజమాని మంచివాడు. నలభై మందిని కాపాడిన మనిషిని వదులుకుంటానా అని, బస్టాండులో టిక్కెట్లిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. 1959 డిసెంబరులో ఐసెన్‌హోవరు ఢిల్లీ వచ్చాడు. బస్టాండు టీకొట్టు రేడియోలో ఆ వార్తలు వస్తుంటే అందరూ యుద్ధాల గురించి, అణుబాంబుల గురించి మాట్లాడుకున్నారు. బాలస్వామి కిటికీలోంచి తల బయటికి పెట్టి, "రంగులు కూడా తెచ్చుకున్నాడేమో రేడియోలో చెప్పారా?" అని అడిగాడు. జనం గొల్లున నవ్వారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు. లారీలో మోసుకొచ్చిన జనానికి, డాక్టరుగారికి, ఎలీసబెతుకి, ఎన్నడూ కళ్ళతో చూడని ఆ పరాయిదేశపు మనిషికి కూడా పేరుపేరునా వందనాలు చెప్పాడు.

ఎలీసబెతు ఆయన్ని ఖాళీగా ఉండనివ్వలేదు. దివిసీమ పల్లెల్లో ఆరోగ్యం గురించి రాసి ఇద్దామంటే చదువొచ్చిన వాళ్ళు తక్కువ. "కాచిన నీళ్ళు తాగమని నోటితో చెప్తే గాలికి పోతోందండీ. బొమ్మలు వేసివ్వండి" అంది. నీళ్ళు కాచే కుండ, మూత పెట్టిన బిందె, సబ్బుతో చేతులు కడుక్కునే మంత్రసాని, ఇలా ఏడేళ్ళలో వందకి పైగా అట్టల మీద వేశాడు. ఒక్కదానికీ డబ్బు పుచ్చుకోలేదు.

1964 చలికాలంలో డాక్టరుగారు ప్రయాణానికి ఒప్పుకున్నారు. బాలస్వామి భాగ్యమ్మతో కలిసి ఎలీసబెతు వెంట హంసలదీవి దగ్గరి జాలరిపల్లెకి వెళ్ళాడు. చిట్టెమ్మ అనే ఆవిడ గుడిసె గోడకి తను వేసిన కుండ బొమ్మ కనిపించింది. పొగకి పసుపురంగు తిరిగింది. మేకు ఊడిపోతే చేపముల్లుతో గుచ్చి నిలబెట్టింది.

"ఇది వేసింది ఈయనే" అని ఎలీసబెతు చెప్పింది.

చిట్టెమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వేనా బాబూ! ముందు ఇద్దరు బిడ్డలు విరోచనాలతో పోయారు. ఇది గోడకెక్కాక పుట్టిన ఇద్దరూ ఉన్నారు, అదిగో" అని ఇసకలో ఆడుకుంటున్న పిల్లల్ని చూపించింది. వెంటనే గొంతు మార్చింది. "అయితే ఒక తప్పుంది. నీళ్ళు మరుగుతున్నట్టు ఎక్కడేశావు? ఆవిరేది? మా తోడికోడలు ఇది చూసి, నీళ్ళు వెచ్చబడగానే దించేస్తోంది."

భాగ్యమ్మ భర్త ముఖం కేసి భయంగా చూసింది. బాలస్వామి బొమ్మకి దగ్గరగా వెళ్ళి చూశాడు. నిజమే. కుండ ఉంది, మంట ఉంది, ఆవిరి లేదు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. చాలా మేలు చేశావు" అని రెండు చేతులూ జోడించాడు. "పొయ్యి మీద కుండ పెట్టు తల్లీ. మరిగేటప్పుడు ఎట్లా ఉంటుందో కూర్చుని చూస్తాను."

చిట్టెమ్మ పుల్లలు ఎగదోసింది. ఆయన గుమ్మంలో చతికిలబడి, సంచీలోంచి పెన్సిలు తీశాడు.