ఓదవ్వ సాన్పి చల్లిన మూల

తెల్లవారుజామున మున్సిపల్ ఆవరణలో హాజరు తీసుకుంటూ ఆమె పేరు పిలిచాను. ఆసుపత్రిలో చేరిన నాటి నుంచీ రోజూ పిలుస్తూనే ఉన్నాను. పేరు పక్కన 'సెలవు' అని రాసుకుని ముందుకు పోవడం అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం వరుసలోంచి చెత్త ఆటో నడిపే సమ్మయ్య ఒక అడుగు ముందుకు వచ్చాడు. "ఇగ పిలువకుండ్రి సారూ. ఓదవ్వ పోయింది. గింతకు ముందే కరీంనగర్ దవఖాన్ల పానం ఇడిసింది" అన్నాడు. వరుసలో ఉన్న ఆడవాళ్ళు చీపుర్లు కింద పెట్టి అక్కడే కూలబడ్డారు. నేను మిగతా పేర్లు పిలవలేకపోయాను. ఆ రోజు ఎవరు పనిలోకి వచ్చారో ఇప్పటికీ నాకు తెలియదు.

మా చిన్న పట్టణంలో పద్నాలుగేళ్ళు పారిశుద్ధ్య కార్మికురాలిగా పనిచేసి, బస్టాండు వెనక వార్డులో ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించిన కర్మయోగిని ఓదవ్వ దివంగతురాలైంది. నేను అదే కార్యాలయంలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. కాగితాల్లో ఆమెకు అధికారిని, వాస్తవంలో ఆమె శిష్యుణ్ణి. ఉద్యోగుల సంచికకు ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఆమె గురించి మంచి మాటలకు కొదవ లేదు. నా గురించే నిజం రాయాలి. అది రాయకుండా ఆమెకు అంజలి ఘటించే అర్హత నాకు లేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేను ముక్కుకు దస్తీ కట్టుకుని వార్డులోకి వెళ్ళాను. ఓదవ్వ నన్ను ఎగాదిగా చూసి, "దస్తీ తీయి సారూ, వాసన సూస్తెనే ఇంటి సంగతి ఎరుకైతది" అంది. కొత్త అధికారికి ఇంత మాటా అని నాకు ఒళ్ళు మండింది. వారం తిరిగేసరికి ఆమె వెనక విద్యార్థిలా నడుస్తున్నాను. బుట్ట చేతిలోకి తీసుకుంటూనే ఈ ఇంట్లో చుట్టాలు దిగారని, ఆ ఇంట్లో ముసలాయన అన్నం మానేశాడని, మూలింట్లో పసిపిల్లకు విరేచనాలు పట్టాయని చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు, ఆ తల్లిని పిలిచి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించమని పోరు పెట్టేది.

ఒకసారి ఒంటరిగా ఉండే రిటైర్డు గుమాస్తా ఇంటి నుంచి రెండు రోజులు వరుసగా చెత్త రాలేదు. ఊరెళ్ళి ఉంటాడులే, పద అన్నాను. "ఊరికి పోతే ముందురోజు ఫ్రిజ్‌ల కూరగాయలు బయటేస్తడు సారూ, గాయన పద్ధతి నాకెర్కలేదా?" అని ఆమె గేటు ముందు నుంచి కదల్లేదు. సమ్మయ్యను గోడ దూకించింది. ముసలాయన స్నానాలగదిలో జారిపడి, లేవలేక, నోరు ఎండిపోయి ఉన్నాడు. ఆయన ఇవాళ బతికి ఉన్నాడంటే అది ఆమె పెట్టిన భిక్ష.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మేము మైకుల్లో గొంతు చించుకున్నాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఓదవ్వ పద్ధతి వేరు. కలిపేసి ఇచ్చిన వాళ్ళ గడప ముందే గోనెసంచి పరుచుకుని కూర్చునేది. పల్లెత్తు మాట అనకుండా, ఆ ఇంటివాళ్ళు చూస్తుండగా, అన్నం మెతుకులు ఒకవైపు, ప్లాస్టిక్ కవర్లు ఒకవైపు ఏరేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మూడో రోజుకో నాలుగో రోజుకో ఆ ఇంటి నుంచి రెండు బుట్టలు వచ్చేవి. "తిడితే మల్ల తిడ్తరు సారూ. సిగ్గువడితే మారుతరు" అనేది. నా ఉద్యోగ జీవితంలో ఇంతకు మించిన పాఠం ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు.

ఇక ఆ మూల గురించి చెప్పాలి. వార్డు చివర అంగన్‌వాడీ గోడ పక్కన మలుపు ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఊరి చెత్తంతా అక్కడే. కోళ్ళ ఈకలు, పెళ్ళిళ్ళ ఎంగిలి విస్తర్లు, చచ్చిన ఎలుకలు అన్నీ అక్కడికే చేరేవి. చెత్త వేస్తే జరిమానా అని బోర్డు పెడితే బోర్డు కిందే వేశారు. గోడకు దేవుళ్ళ పటాలు అతికిద్దామని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. ఓదవ్వ ఒప్పుకోలేదు. "దేవునికి కావలి పని జెప్తరా సారూ? మనం జేసే పని మనమే జెయ్యాలె" అంది.

మర్నాటి నుంచి ఆమె తన ఇంటి పనులన్నీ ముగించుకుని ఒక గంట ముందు రావడం మొదలుపెట్టింది. చుట్టాల బర్రెల కొట్టం నుంచి బకెట్లో పేడ తెచ్చి, నీళ్ళలో కలిపి, ఆ మూలంతా ఊడ్చి సాన్పి చల్లేది. దాని మీద పిండితో నాలుగు గీతల ముగ్గు వేసేది. మొదటి పొద్దున సంచులు పట్టుకుని వచ్చినవాళ్ళు మలుపులో టక్కున ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. అటూ ఇటూ చూసి, గొణుక్కుంటూ వెనక్కి తిరిగారు. "తడి సాన్పి మీద చెత్త వోసే చెయ్యి మన దిక్కు ఇంక పుట్టలే సారూ" అని ఆమె నవ్వింది. ఏడాది పొడుగునా, వానకూ ఎండకూ, ఒక్క రోజు కూడా ఆమె మానలేదు. అంగన్‌వాడీ పిల్లలు బయట అరుగు మీద కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టారు. ఆ అరుగు కోసమే ఆమె ఇదంతా చేసింది. "గోడ ఉన్నదని ఈగలు ఆగుతయా? పసిపోరగాండ్లు తినే జాగ సారూ అది" అనేది.

అప్పుడు పరిశుభ్రతకు ర్యాంకులిచ్చే తనిఖీ బృందం వస్తోందని కబురు వచ్చింది. పట్టణమంతా అద్దంలా మెరవాలని పై నుంచి ఆదేశం. నాకు పెద్ద తెలివి వచ్చింది. రోజూ వేసే ముగ్గు ఫొటోలో ఆనదు కదా, ఎనామిల్ రంగులతో పెద్ద ముగ్గు వేయిస్తే శాశ్వతంగా ఉంటుంది కదా అనుకున్నాను. మూల మీద సిమెంటు పోయించి, పెయింటర్ని పిలిపించి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో ముగ్గు వేయించాను. ఓదవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "మంచిగనే ఉంది గని సారూ, సాన్పి తడిగుంటే పొద్దుగాల ఓ మనిషి వచ్చిపోయిందని ఎరుకైతది. గీ రంగును జూస్తే ఎవ్వలు వచ్చిన్రని అనుకుంటరు?" అని అడిగింది. నేను ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. పైగా, ఇక ఆ మూలకు మనిషితో పని లేదని చెప్పి, ఆమెను, సమ్మయ్యను, ఆటోతో సహా ప్రధాన రహదారికి మార్చాను. గోడల మీద 'మన పట్టణం, మన బాధ్యత' అని పెయింటర్లు రాయడానికి ముందు ఆ గోడలు కడిగే పని వాళ్ళిద్దరికీ అప్పగించాను.

వార్డులోకి ఆటో పోలేదు. మూడో రోజే రంగుల ముగ్గు మీద మొదటి సంచి పడింది. వారానికల్లా రంగు కనపడలేదు.

ఆమె నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి, "నన్ను నా గల్లీకి పంపుండ్రి సారూ" అని అడిగింది. తనిఖీ అయిపోనీ అన్నాను. రెండోసారి వచ్చి బల్ల ముందు నిలబడింది. "ఈగలు అన్నం గిన్నెల వడుతున్నయట. పిల్లలను మల్ల లోపట కూసోవెడుతున్నరు" అంది. నేను తల ఎత్తకుండానే, నాకు పై నుంచి ఒత్తిడి ఉంది ఓదవ్వా, అర్థం చేసుకో అన్నాను. ఆమె మెల్లగా, "పై నుంచి మీకు, మీ నుంచి నాకు. నా కింద ఎవ్వలు లేరు సారూ, చెత్తనే ఉంది" అని వెళ్ళిపోయింది. నేను సంతకాలు పెట్టుకుంటూ ఉండిపోయాను.

ఆ రోజు నుంచి ఆమె డ్యూటీ దిగాక, మధ్యాహ్నపు ఎండలో, ఒక్కతే వెళ్ళి ఆ కుప్పను ఎత్తడం మొదలుపెట్టింది. ఈ సంగతి నాకు తర్వాతే తెలిసింది. చేతులకు తొడుగులు లేవు. ఉన్నవాటిని ఫొటోల్లో బాగుంటుందని ప్రధాన రహదారి మీద పనిచేసే వాళ్ళకు నేనే పంచాను, అవి సాయంత్రం తిరిగి స్టోరుకు చేరేవి. ఎవరో కవరులో మూట కట్టి పడేసిన పగిలిన సీసా ఆమె అరచేతిని లోతుగా చీల్చింది. పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని మర్నాడు పనిలోకి వచ్చింది. చెయ్యి వాచి ఉందని చెప్పబోయిన సమ్మయ్యను ఆపి, "సారుకు తనిఖీ ఫికర్ ఉంది. పరేషాన్ జెయ్యకు" అందట. ఈ మాట సమ్మయ్య నాకు ఆసుపత్రి మెట్ల మీద చెప్పాడు. అప్పటికి వాపు మోచెయ్యి దాటింది, విషం రక్తంలోకి ఎక్కింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఆలస్యం వాళ్ళది కాదు.

తనిఖీ బృందం వచ్చింది. ప్రధాన రహదారి మీద కారు దిగి, ఫొటోలు తీసుకుని, టీ తాగి వెళ్ళిపోయింది. మూల ముఖం కూడా చూడలేదు. మాకు అభినందన పత్రం వచ్చింది. దాని మీద నా పేరు ఉంది.

చివరిసారి ఆమెను చూసినప్పుడు ఆమెకు మాట సరిగా రావడం లేదు. దగ్గరికి రమ్మని సైగ చేసింది. "మూల సాఫ్ జేపిచ్చినవా సారూ?" అని అడిగింది. చేయించాను ఓదవ్వా, పిల్లలు అరుగు మీదే తింటున్నారు అన్నాను. ఆమె ముఖం తేటపడింది. ఇక ఆ తర్వాత ఏమీ అడగలేదు.

అంత్యక్రియలు అయిన మర్నాడు నేను బకెట్టు, చీపురు పట్టుకుని అక్కడికి వెళ్ళాను. నేను, సమ్మయ్య కలిసి కుప్పంతా ఎత్తిపోశాం. పేడ కలిపి సాన్పి చల్లాను. ముగ్గు వేయడం నాకు చేతకాలేదు, వంకర గీతలే వచ్చాయి. పక్క మేడ మీది నుంచి ఒకావిడ కవరు పట్టుకుని దిగింది. సాన్పి చూసి ఆగి, "చెత్తబండామె ఇయ్యాల గూడ రాలేదా సారూ?" అంది. ఆమె పేరు ఓదవ్వ అని, చనిపోయిందని చెప్పాను. "అయ్యో, పాపం" అని ఆవిడ నిజంగానే కళ్ళు ఒత్తుకుంది. చేతిలోని కవరు చూపిస్తూ, "మరి గిది ఎక్కడ వెయ్యాలె?" అని అడిగింది. నేను చెయ్యి చాపి కవరు తీసుకున్నాను.

మూడు రోజులు వరుసగా వెళ్ళాను. నాలుగో రోజు సమీక్షా సమావేశం ఉందని వెళ్ళలేకపోయాను. మధ్యాహ్నానికల్లా మూల నిండిపోయింది. ఆమె ఏడాది చేసిన పనిని నేను నాలుగు రోజులు చేయలేకపోయాను. ఆమె స్థానం భర్తీ చేశామని కార్యాలయంలో ఒక కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం అబద్ధమని నాకు తెలుసు.

ఓదవ్వా, బతికి ఉండగా నిన్ను ఒక్కసారైనా గౌరవంగా పిలవని వాణ్ణి. ఈ నాలుగు వాక్యాల చివర నీ పాదాలకు నమస్కారం పెట్టి ముగించాలని కూర్చున్నాను, చేతకావడం లేదు. ఆసుపత్రిలో నీకు చెప్పింది నిజం కాదు. మూల సాఫ్ కాలేదు. పిల్లలు ఇవాళ కూడా తలుపులేసుకుని లోపలే తిన్నారు.