నేనెక్కించిన మెట్లు

కాస్త దగ్గరకొచ్చి కూర్చోండి, చెబుతాను. కువైట్‌లో, మంగఫ్ దగ్గర ఒక ఇండియన్ స్కూల్లో ఆయాగా చేసేదాన్ని. పోలియో కాలున్న సుజాత టీచరమ్మకు నా భుజం ఆసరా ఇచ్చి రోజూ మూడో అంతస్తుకి ఎక్కించేదాన్ని. ఆవిడా, ఆవిడలాంటి మరో ఇద్దరు టీచర్లూ కలిసి, తమకు కింది అంతస్తులో క్లాసులివ్వమని అర్జీ పెట్టారు.

ప్రిన్సిపాల్ గారు వాళ్ళ ముందే నన్ను పిలిచి, "ఈ మేడం ఎప్పుడైనా క్లాసుకి ఆలస్యంగా వెళ్ళారా?" అన్నారు.

ఆవిడ మీద మాట రాకూడదని, "అబ్బే! నేనుండగా ఆలస్యమేటండీ? బెల్లు కొట్టేలోపే ఎక్కించేత్తానండి!" అన్నాను గొప్పగా.

"విన్నారుగా? ఇక ఇబ్బందేముంది? ఖలాస్!" అని అర్జీ తిరిగిచ్చేశారు.

మెట్ల దగ్గర భుజం వంచాను. "వద్దులే సత్తెమ్మా," అని టీచరమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కత్తే ఎక్కింది. ఏడాది తిరక్కుండా, మెట్లెక్కలేకపోతున్నారన్న వంకతో ముగ్గురి ఇఖామాలూ, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు, రద్దుచేసి ఇండియాకి పంపేశారు. సాయమనుకుని వాళ్ళ నోరు నేనే కట్టేశాను. ఇప్పుడు దిద్దుకునే దారి లేదు.

ఓపిగ్గా కూర్చుని విన్నారు, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి తల్లీ.