జానెడు కోసిన టీవీ కాళ్లు

మా మేస్త్రి పోయాడు. ఇక్కడే దుబాయ్‌లో, అల్ కుసైస్ నుంచి ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. "కాకా, నాయన పోయిండు" అంది. నేను రంపం ఆపి చెక్కల మీద కూర్చున్నాను. మా షాపు మేనేజరు, మేం ముదీర్ అంటాం, వచ్చి ఏమైందని అడిగాడు. వయసుతో సహా చెప్తే, "అస్సీ సాల్? బహుత్ హై" అన్నాడు, ఎనభై ఏళ్లంటే చాలా ఎక్కువని. ఎవరికి బహుత్?

మీ ఇళ్లలోకి మొదట వచ్చిన టీవీ చెక్కడబ్బాలో ఉండేది, గుర్తుందా? పొట్టి కాళ్లు, కొంచెం వెనక్కి వాలిన ముఖం. ఆ రూపం మా మేస్త్రిది. హైదరాబాదులో టీవీలు చేసే కంపెనీలో ఆయన చెక్కపని మేస్త్రి, నేను ఆయన కింద వడ్రంగిని. బొమ్మలు గీయడానికి చదువుకున్న సార్లు వేరే ఉండేవారు. వాళ్ల గీతల్లో టీవీ ఎత్తు కాళ్ల మీద, సోఫాకు ఎదురుగా ఉండేది.

మేస్త్రి అదే కొలతకు ఒక అట్టడబ్బా చేసి మా ఒంటిగదిలో ఎనిమిది రోజులు పెట్టించాడు. రోజూ డ్యూటీ దిగి వచ్చి చూసేవాడు. నా భార్య దాని మీద గుడ్డ పరిచి గడియారం పెట్టింది. "సూసినవా తమ్మీ, పైన చదునుగుండాలె" అని సంబరపడ్డాడు. పక్కింటివాళ్లను కింద కూర్చోబెట్టి, ఆ ఉత్త డబ్బానే చూడమన్నాడు. అందరూ మెడలు ఎత్తారు.

మర్నాడు పెద్దసారు ముందు నిలబడి, "సార్, మా ఇండ్లల్ల సోఫాల్లేవు. గింత ఎత్తుల పెడ్తె మెడలు పట్టుకుంటయి. టీవీతోని బామ్ డబ్బీ గూడ ఇస్తరా?" అన్నాడు.

సారు ఒప్పుకున్నాక నేను కాళ్లు జానెడు కోశాను. గుమ్మంలో నిలబడ్డవాడికి కూడా బొమ్మ కనబడాలని మేస్త్రి ముఖాన్ని వెనక్కి వాల్చాడు. తర్వాత ఊళ్లో ప్రతి కంపెనీ అదే రూపం ఎత్తుకుంది.

ప్లాస్టిక్ డబ్బాలు వచ్చి చెక్కపని పోయాక మాకు దుబాయే దిక్కయింది. బర్ దుబాయ్ షాపుల్లో కొత్త టీవీలు చూసి, "వీటికి ఒళ్లు లేదు, మొఖమే ఉన్నది" అనేవాడు.

నిరుడు ఇక్కడి ఒక మాల్‌లో పాతకాలపు సామాన్లకు ఒక గది పెట్టారు. అందులో మా టీవీ ఉంది. ఆ రూపం దిద్దింది కంపెనీ యజమాని అని కింద బోర్డు. తన మనవరాలు చదివి చెప్తే, అది తప్పు, మార్చమని మేస్త్రి అక్కడివాళ్లను అడిగాడు. సాక్షిని తెచ్చి, కాగితం మీద సంతకం పెట్టించమన్నారు.

నా దగ్గరికి వచ్చాడు.

"నీ ఇంట్లనే గద డబ్బా పెట్టినం. వచ్చి చెప్పు తమ్మీ. నా పేరు రాయకున్నా మంచిదే, ఆయన పేరు తీసేస్తె చాలు."

"ఆదివారం వస్త మేస్త్రీ" అన్నాను.

వెళ్లలేదు. ముదీర్ సెలవు ఇవ్వలేదని అబద్ధం చెప్పాను. టైలు కట్టుకున్నవాళ్ల ముందు, ఇంగ్లీషు కాగితం మీద నా వంకర అక్షరాలు గీకడానికి నామోషీ అనిపించింది. మూడు ఆదివారాలు ఆయన మాల్ గేటు దగ్గర నిలబడ్డాడు. నాలుగోసారి అడగలేదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది.

దహనమైన మర్నాడు నేనే ఆ మాల్‌కు వెళ్లాను. ఆ అట్టడబ్బా సంగతి చెప్పి, తెలుగులో సంతకం పెట్టాను. ఎవరూ నవ్వలేదు. కౌంటర్‌లో అమ్మాయి కాగితం తీసుకుని, "అంకుల్, ఉన్కో భీ సాథ్ లాయియే" అంది. ఆయన్ని కూడా వెంట తెమ్మని.

బయటికి వస్తుంటే సఫాయివాడు ఆ బోర్డు మీద మందు చల్లి గుడ్డతో రుద్దుతున్నాడు. యజమాని పేరు తళతళ మెరుస్తోంది.