లారీ ఎక్కని సైకిలు వీరులు

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని ప్రపంచం బెంగపెట్టుకున్న రోజులవి. ఆ బెంగ పుణ్యమా అని నాలాంటి వాళ్లకు కూడా సింగపూర్‌లో ఉద్యోగం దొరికింది. అంతకుముందు మూడేళ్లు నేను ఒక దినపత్రిక డెస్కులో వార్తలు దిద్దేవాణ్ని. అమీర్‌పేటలో నాలుగు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నాక, కన్సల్టెన్సీ ఆయన ఆ మూడేళ్లనూ ఒక బ్యాంకు ప్రాజెక్టుగా మార్చి రెజ్యూమె తయారుచేశాడు. (ప్రతి వార్తనూ ఇద్దరి దగ్గర నిర్ధారించుకోవాలని జూనియర్లకు పాఠం చెప్పిన నేను, దాని కింద నోరెత్తకుండా సంతకం పెట్టాను.) చివర్లో 'హాబీలు' అన్నచోట ఖాళీ బాగుండదని 'దూరప్రయాణపు సైకిలింగ్' అని కొట్టాడు. నాతోపాటే విమానమెక్కిన హైదరాబాదీ మిత్రుణ్ని అందరూ నవాబు అనేవారు. అతని కాగితంలోనూ అదే బ్యాంకు, అదే సైకిలు.

హౌగాంగ్‌లో ఇద్దరికీ ఒకే గది, తంజోంగ్ పగార్‌లో ఒకే ఆఫీసు. మా మేనేజరు అక్కడి చైనీయుడు. ఏది అడిగినా సరే సరే అన్నట్టు "కెన్, కెన్" అంటాడని చాటుగా ఆయనకు తథాస్తుగారని పేరు పెట్టుకున్నాం. రెండో నెలలో ఒకరోజు ఆయన మా బల్ల దగ్గర ఆగి, ఆదివారం డిపార్ట్‌మెంటంతా సైకిళ్ల మీద దీవి చుట్టి వస్తున్నామని, మేమిద్దరం తప్పకుండా రావాలని చెప్పాడు. ఆయన అటు తిరగగానే మేం మెట్ల దగ్గరికి పరిగెత్తాం.

"రెజ్యూమె చదివిండు భాయ్," అన్నాడు నవాబు. "సైకిల్ ఝూట్ అని తెలిస్తే బ్యాంక్ సంగతి అడుగుతడు. బ్యాంక్ సంగతి అడిగిండంటే మనం వాపస్ టికెట్ కొనుక్కునుడే."

అంటే చచ్చినట్టు పూర్తి చేయాలి. నా సైకిలు అనుభవమంతా ఇంటి నుంచి పత్రికాఫీసు వరకు. నవాబుకు తొక్కడం కన్నా వాళ్ల మామూ వెనక కేరియర్ మీద కూర్చున్న అనుభవమే ఎక్కువ. అద్దె సైకిళ్లు తెచ్చుకుని అయిదు సాయంత్రాలు మా బ్లాకు కింద సాధన చేశాం. రెండో అంతస్తు ఆంటీ ఒకావిడ రోజూ కుర్చీ వేసుకుని మరీ చూసేది.

ఆదివారం పొద్దున్నే ఆఫీసు ముందు నుంచి ఇరవై మందిమి బయల్దేరాం. చాంగీ చేరకముందే వాన మొదలైంది. సింగపూర్ వాన మన వానలాగా ముందు చినుకులతో కబురు పంపదు, ఒక్కసారే మీద పడుతుంది. మా వెనక టార్పాలిన్ కప్పిన లారీ ఒకటి వస్తోంది, అలసినవాళ్లు ఎక్కడానికి. సెంబవాంగ్ దాటేసరికి రోడ్డు మీద మిగిలింది మేమిద్దరమే. చక్రం పంక్చరై తథాస్తుగారు కూడా లారీలోనే ఉన్నాడు. బూస్టులాంటి వేడి మైలో కప్పు పట్టుకుని తల బయటికి పెట్టి, ఇంక చాలు, పైకి రండి లా, అన్నాడు (మాట చివర ఆ 'లా' అక్కడివాళ్ల అలవాటు). వాన అంటే మాకు మహా ఇష్టమని నవాబు ఇంగ్లీషులో బదులిచ్చి, నా వైపు తిరిగి, "పరీక్ష పెడుతున్నడు. తొక్కు," అన్నాడు.

క్రాంజీ దగ్గర నా సైకిలు చైను ఊడింది. బస్సు షెల్టరులో వాన తగ్గేదాకా నిలబడ్డ శ్రీకాకుళం మనిషి ఒకడు, బిల్డింగు పనిలో ఉన్నాడట, మా తెలుగు విని వచ్చి క్షణంలో చైను ఎక్కించాడు.

"ఆదివారం కూడా పన్లో పెట్టీసినారేటి బాబూ?"

పని కాదు, సరదాకి అన్నాను.

అతను మా ఇద్దర్నీ, వాననూ, దూరంగా ఆగి ఉన్న, ఇంకా ఇద్దరికి జాగా ఉన్న లారీనీ చూశాడు. "సరదాకే ఇలగుంటే, పనికి ఎలగుంటాదో," అని జాలిపడి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి తంజోంగ్ పగార్ చేరాం. ఫుట్‌పాత్ మీద కూలబడి చప్పట్ల కోసం లారీ వైపు చూస్తే, పద్దెనిమిది ఆకలి మొహాలు మమ్మల్ని కొరికేసేలా చూస్తున్నాయి. తథాస్తుగారు దిగి వచ్చి అసలు సంగతి చెప్పాడు. కలిసి వెళ్లినవాళ్లం కలిసే తిరిగి రావాలన్నది ఆయన నియమం. అందుకని మధ్యాహ్నం నుంచీ లారీ మా వెనకే నత్తలా నడిచింది. మకాన్ లేదు, అంటే తిండి లేదు, ఇంటికి పోవడం లేదు. ఎందుకు ఎక్కలేదని అడిగాడు.

నవాబు ఇక దాచలేకపోయాడు. సైకిలు, బ్యాంకు, మూడేళ్లు, అన్నీ వరసగా చెప్పేశాడు. నేను మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. తథాస్తుగారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"రెజ్యూమె నేనెక్కడ చదివాను? మీకు ఎంత వచ్చో మొదటి వారమే తెలిసింది. అడిగి నేర్చుకుంటున్నారు, చాలు. రోజూ మీరిద్దరే మూల కూర్చుని తింటున్నారని పిలిచాను లా, అంతే."

సోమవారం మధ్యాహ్నం ఆ లారీ జనమంతా మా బల్ల చుట్టూ చేరారు. తిట్టడానికే వచ్చారు. తిడుతూనే కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటరుకు లాక్కెళ్లారు, ఆ తర్వాత మేం మూల కూర్చుని తిన్నది లేదు.

ఇప్పుడు వానలో ఎవరైనా బండి ఆపి ఎక్కమంటే, ఆ మాట పూర్తి కాకముందే తలుపు తీస్తాను. కూర్చున్నాక మాత్రం ఒకసారి వెనక అద్దంలోకి చూస్తాను. ఎవరూ పెట్టని పరీక్షలో పాసవ్వాలని తలలు వంచుకుని తొక్కుతున్న ఆ ఇద్దరు పిచ్చివాళ్లు కనిపిస్తే, ఈసారైనా చెయ్యి పట్టుకుని ఎక్కించుకుందామని.