మూడో రోజు సీసా

ఏడేళ్లుగా ఒక సీసా నా గుండెల మీద కూర్చుంది. నా చేత్తో నేనే కడిగి పారేసిన సీసా. మీకు నా పేరు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఎదురుగా ఉంటే నోరు పెగలదు.

నంద్యాలలో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. ఏడేళ్ల కిందట ఆళ్లగడ్డ నుంచి ఒక తల్లి నాలుగేళ్ల పాపను తీసుకొచ్చింది. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. అంతకు రెండు నెలల ముందే నగరంలో ఆపరేషన్ చేసి అతుకు వేశారు. ఇప్పుడు జ్వరం వదలడం లేదు. రక్తంలో ఏ క్రిమి ఉందో తెలియాలంటే రక్తాన్ని కల్చర్ సీసాలో వేసి రోజుల తరబడి చూడాలి. పాప గింజుకుంది. స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిచి, ఆరకముందే సూది గుచ్చాను.

మూడో రోజు సీసా మసకబారింది. మైక్రోస్కోపు కింద ఫంగస్. నాకు మొదట వచ్చిన ఆలోచన పాప గురించి కాదు. సరిగ్గా తుడవలేదు కదా, చర్మం మీదిదే పడి ఉంటుంది, ఈ నెలలో ఇప్పటికే రెండు సీసాలు అలా పాడుచేశాను, ఇదీ చెబితే ఓనరు ఉద్యోగం పీకేస్తాడు అనుకున్నాను. నిజంగా చర్మం మీదిదే అనుకున్నానా, అలా అనుకోవడం నాకు కావలసి వచ్చిందా? ఏమో. ఇప్పటికీ తేల్చుకోలేను. సీసా కడిగేశాను. ఏమీ పెరగలేదని రిపోర్టు రాశాను.

"ఏమన్నా బయటపడిందా అక్కా?" అంది తల్లి.

"ఏం లేదు. బయపడాకు."

"మళ్లా సూది పొడిసేది లేదు గదా?"

"లేదు లేమ్మా. పోయిరాండి."

ఆమె మొహం విప్పారింది. రిపోర్టు మడిచి కొంగున కట్టుకుని పోయింది.

నెల తిరక్కముందే నగరంలో పాప గుండె మళ్లీ తెరిచారు. అతుకు మీద ఫంగస్ గడ్డకట్టింది. మందులతో కరిగేది కాదట. గడ్డనూ అతుకునూ తీసేసి కొత్తది వేశారు. ప్రాణం దక్కింది. అప్పటికే ఒక ముక్క ఊడి మెదడుకు పోయింది. పాప కుడిచెయ్యి లేవదు.

"ముందే కనిపెట్టల్యా అని డాక్టరు గట్టిగా అడిగినాడక్కా," అని తర్వాత తల్లే వచ్చి చెప్పింది. "మా నంద్యాల అక్క శానా జాగ్రత్తగా సూస్తాది, ఆడ ఏం రాల్యా సార్ అని నేనూ గట్టిగానే చెప్పినా."

నా తరఫున పోట్లాడింది. ఛీ, నా నోటికేమైంది? అప్పుడైనా చెప్పొచ్చు కదా?

ఇప్పటికీ తల్లీ పాపా ఆర్నెల్లకోసారి పరీక్షకు వస్తారు. రక్తం నేనే తీయాలట, నా చెయ్యి తేలికట. మూడుసార్లు తుడుస్తాను, ఆరేదాకా ఆగుతాను. ఎవరికి కావాలి ఇప్పుడీ శుభ్రం! మొన్న ఆమెతో చెప్పేయాలని నోరు తెరిచి, "పాప బాగా చదువుతాందా?" అని అడిగాను. అదీ నా ధైర్యం.

మీకు చెప్పాను. ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. క్షమించమనడం లేదు, ఆ మాట అడగాల్సింది మిమ్మల్ని కాదు. పాపకిప్పుడు పదకొండేళ్లు. కుర్చీలో కూర్చోగానే కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంటుంది. తర్వాత, నేను అడగకముందే, ఆ ఎడమచెయ్యి నాకు చాపుతుంది.