చీర కోసేదాకా చెప్పని అర్థం

గోడ మీద సుద్దముక్క గీరుకున్న చప్పుడు వింటే ఇప్పటికీ నా చేతిలో నాడె ఆగిపోతుంది. ధర్మవరంలో నాకు నేత నేర్పిన నారాయణప్ప మామ గుర్తొస్తాడు. ఆయన చీర నేస్తుంటే పక్క పీట మీద కూర్చుని, అంచు పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె నేను వేసేదాన్ని. పుట్టపర్తికి వచ్చే విదేశీయులకు చీరలు చూపించీ చూపించీ ఆయనకు ఇంగ్లీషు పిచ్చి పట్టింది. కొత్త చీర మొదలుపెట్టిన రోజు, ఎవరూ పెద్దగా వాడని ఇంగ్లీషు మాట ఒకటి గోడ మీద తెలుగక్షరాల్లో రాసేవాడు. చీర అయ్యేదాకా నేను దాన్ని రోజూ ఎవరితోనైనా అనాలి. అర్థం మాత్రం మగ్గం మీంచి చీర కోసిన రోజే చెప్పేవాడు.

"ముందే చెప్తే నీ సొమ్మేం పోతాది మామా?" అనేదాన్ని.

"ముందే చెప్తే మర్చిపోతావు. నోట్లో నానితే కడదాకా ఉంటాది."

నేను పుట్టు అనుమానపు మనిషిని. నలుగురిలో నన్ను ఆడించి నవ్వుకుంటున్నాడేమో అనిపించేది. ఒకసారి 'ఫ్లాబర్‌గాస్టెడ్' రాశాడు. కూరగాయలామెతో "నీ వంకాయలు ఫ్లాబర్‌గాస్టెడ్‌గా ఉండాయక్కా" అన్నాను. "యాడుండాది పుచ్చు, చూపీ" అని ఆమె కొట్లాటకొచ్చింది. ఆశ్చర్యంతో నోట మాట రాకపోవడమని చీర కోశాకే తెలిసింది.

ఆ ఎండాకాలం ఆయన చెల్లెలి కూతురు కొత్తచెరువు నుంచి వచ్చి, రోజూ మా మగ్గం పక్కనే కూర్చుని చూసేది. నా పీటకే ఎసరు పెడుతున్నారనిపించింది. మా ఇల్లు గడిచేది ఆ పీట మీదే. అదే వారం గోడ మీద 'ఇండిస్పెన్సబుల్' అని రాశాడు. చీరలు కొనే బెంగళూరు షావుకారు వస్తే నన్ను చూపించి, "ఈయమ్మ ఇండిస్పెన్సబుల్ సార్" అన్నాడు. షావుకారు నన్ను ఎగాదిగా చూసి తలాడించాడు. ఇంకేముంది, నన్ను తీసేస్తున్నారని తేల్చేసుకున్నాను. ఒక్క మాట అడగాల్సింది, అడగలేదు. తెల్లారి పక్క వీధిలో ఇంకొకరి మగ్గంలో కూర్చున్నాను. సగం చీర మీంచి లేచిపోవడం మా పనిలో ఎంత తప్పో తెలిసే చేశాను.

నెల తర్వాత ఆ షావుకారు అక్కడికీ వచ్చాడు. "ఏమ్మా, ఈడుండావే? నువ్వు లేకుంటే మగ్గమే నడవదన్నాడు గదా ఆయప్ప?"

"ఎప్పుడన్నాడు సార్?"

"నీ ముందరే అన్నాడు గదమ్మా. ఇండిస్పెన్సబుల్ అంటే అదే."

నాడె అక్కడే పెట్టి పరుగెత్తాను. నా పీట మీద ఆ పిల్ల కూర్చుని ఉంది.

"తప్పయిపోయింది మామా," అన్నాను.

ఆయన తలెత్తలేదు. "పాప సెలవులకని వచ్చింది. నువ్వు పోతే కూర్చోబెట్టినా. ఆ మాట తుడిచేసినాలేమ్మా. నువ్వు పోయినా మగ్గం నడుస్తానే ఉండాది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇప్పుడు నాకు సొంత మగ్గం ఉంది. నా పక్క పీట మీద కూర్చునే లక్ష్మికి నేనూ గోడ మీద మాటలు రాస్తాను, అర్థం పక్కనే పెట్టి. అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ ముందు జంకుతాను. కానీ లేచి పోను. "అంటే ఏమప్పా?" అని అడుగుతాను.