సిస్టరమ్మ కుడిపక్క కుర్చీ

నిన్న సాయంకాలం పుంగనూరులో, మా వంటగదిలో కూర్చుని అనపకాయలు ఒలుస్తుండగా పక్కవాటా కిటికీలోంచి ఒక సంగీతం వినిపించింది. తలుపు తట్టినట్టు మూడు డప్పు దెబ్బలు, వాటి వెనుక ఆంబులెన్సు కూతలాగా సాగే వయొలిన్. పద్దెనిమిదేళ్లుగా నడుస్తున్న ఆ శుక్రవారపు నేరపరిశోధన సీరియల్ సంగీతమది. ఒకప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండేది. ఇప్పుడు వేగం పెంచారు, అడుగున ఏవో యంత్రాల మోతలు చేర్చారు. అయినా నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఫినాయిలుతో తుడిచిన నేల వాసన, దానిమీదుగా కాగుతున్న అల్లం టీ వాసన ముక్కుకు తగిలినట్టయింది. మదనపల్లెలో సిస్టరమ్మ ఇంటి ముందుగది వాసన అది.

ఆమె అసలు పేరు సలోమి. ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా, అందులో చివరి పందొమ్మిదేళ్లు వార్డు సిస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వీధి మొత్తానికి ఆమె సిస్టరమ్మ. కళాశాల కార్యాలయంలో రికార్డుల గుమాస్తాగా చేరినప్పుడు నేను వాళ్ల ఇంటి వెనుకవాటా అద్దెకు తీసుకున్నాను. ఆ ఏడాదే ఆ సీరియల్ మొదలయింది. ఆమె ఇంట్లో నేను పదకొండేళ్లు ఉన్నాను. నా నోటుపుస్తకం ప్రకారం ఆ పదకొండేళ్లలో ఐదు వందల డెబ్బై నాలుగు శుక్రవారాలు వచ్చాయి. ప్రసారం లేనివి పందొమ్మిది, నేను ఊళ్లో లేనివి పద్నాలుగు. మిగిలిన ఐదు వందల నలభై ఒక్క సాయంకాలాలు, ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, నేను ఆమె ముందుగదిలోనే ఉన్నాను.

నోటుపుస్తకం పెట్టడం నా అలవాటే, కానీ దాన్ని ఎలా రాయాలో నేర్పింది ఆమె. మొదటివారం నేను పేజీ పైన హంతకుడి పేరు రాసుకోవడం చూసి ఆమె కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏమ్మా ప్రమీలా, సచ్చిపోయినాయన పేరు యాడ రాసినావు?"

"ఆయన మొదటి ఐదు నిమిషాల్లోనే పోయాడు కదా సిస్టరమ్మా."

"ఐదు నిమిషాలకే పోతే పేరుండదా? మా వార్డు రిజిస్టర్లో ముందు రోగి పేరు, ఆ తర్వాతే రోగం. రాయి, ముందు ఆయప్ప పేరు రాయి."

రాశాను. నాటినుంచి ప్రతి పేజీలో మొదటి గీతమీద పోయినవారి పేరు, రెండో గీతమీద పట్టుబడినవారి పేరు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రెండో విరామం రాగానే ఎవరికి వారు హంతకుడి పేరు చీటీమీద రాసి, టీ పళ్లెం కింద పెట్టాలి. కథ ముగిశాక ఒకరి చీటీ మరొకరు విప్పి చదవాలి. సిస్టరమ్మ దాదాపు ఎప్పుడూ తప్పేవారు కాదు. మొహం నమ్మవద్దనేవారు. "మొగం అందరూ కడుక్కోనే వస్తారమ్మా. చేతులు సూడు. సూది ఏసేటప్పుడు నొప్పి లేదంటాడు, చెయ్యి మాత్రం దుప్పటి పట్టుకోనుంటాది." అలా చూడడం నాకు నాలుగో ఏటికి కొంత వచ్చింది. ఆమెకు అప్పటికే నీటికాసుల జబ్బు వల్ల ఎడమకంటి చూపు పోయింది. అందువల్ల నా కుర్చీ ఆమె కుడిపక్కన ఉండేది. తెరమీద సన్నటి అక్షరాలు పడితే నేను చదివి చెప్పేదాన్ని. ఆ కుర్చీ నాదని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందని నాకు తోచలేదు.

సీరియల్ ఎలా ముదురుతుందో నా పుస్తకం చూస్తే తెలుస్తుంది. మొదటి మూడేళ్లలో నేరాలు చిన్నవి, కారణాలు పెద్దవి. గట్టు జరిపాడని ఒకడు, ఆకలేసి ఒకడు, అవమానం ఓర్వలేక ఒకామె. ఇన్‌స్పెక్టరుకు ఇల్లు ఎక్కడో కూడా మనకు తెలియదు. బస్సులో వచ్చి, నలుగురిని అడిగి, బస్సులో వెళ్లిపోయేవాడు. నాలుగో ఏట అతనికి ఒక భార్య వచ్చింది. ఐదో ఏట ఆమెను ఎత్తుకుపోయారు. ఆరో ఏట అతనికో కవల తమ్ముడు బయలుదేరాడు. ఏడో ఏట కొండమీదనుంచి పడి చనిపోయిన హెడ్‌కానిస్టేబులు ఎనిమిదో ఏట గడ్డంతో తిరిగివచ్చాడు. పోయినవారికి కేటాయించిన నా మొదటి గీత ఖాళీగా ఉండడం అప్పుడే ప్రారంభమయింది. 'ఒక యువతి', 'ఒక వ్యాపారి' అని తప్ప వాళ్లకు పేరు పెట్టే ఓపిక కూడా రాసేవాళ్లకు లేకపోయింది.

"ముందంతా సచ్చిపోయినోళ్ల కోసం ఏడ్సినాము. ఇప్పుడు పట్టుకొనేవాళ్ల కోసం ఏడిపిస్తాండారు," అన్నారు సిస్టరమ్మ ఒకనాడు. "పెద్ద డాక్టర్లకు వయసొస్తే ఇట్లనే అవుతారు. రోగి ముందర నిలబడి వాళ్ల మోకాలినొప్పి చెప్పుకుంటారు."

తొమ్మిదో ఏట ముందువైపు చిన్నగది ముబీనా వాళ్లు అద్దెకు తీసుకున్నారు. భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, ఆమె జాకెట్లు కుట్టేది. నాకంటే పదిహేనేళ్లు చిన్న. సిస్టరమ్మ కుడికన్ను కూడా అప్పటికి మసకబారింది. వెలుగూ నీడా తెలిసేవి, మనుషుల పోలికలు తెలిసేవి కావు. ముబీనా మొదటి శుక్రవారం గడపదగ్గరే కూర్చుంది, రెండో శుక్రవారం చాపమీదికి వచ్చింది, మూడో శుక్రవారం చీటీ అడిగింది. మొదటి పదమూడు వారాలలో ఆమె చెప్పినవి సరైనవి తొమ్మిది, నావి ఐదు.

"అరె, మీకు కనపళ్లేదా అక్కా? ఆయప్ప చొక్కాకు మూడో గుండీ వేరే దారంతో కుట్టిండారు. ఇంట్లో కుట్టుకున్న చెయ్యి కాదు, బిరీన, తొందర తొందరగా కుట్టిన చెయ్యి," అనేది. సిస్టరమ్మ గాలిలో చేయి చాచి ఆమె తల తడిమి నవ్వేవారు. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు. నాకు తొమ్మిదేళ్లలో దొరకనిది ఆమెకు పదమూడు వారాలలో దొరికింది. ఆ లెక్క నా పుస్తకంలో రాయలేదు గాని, రాసినవాటికంటే బాగా గుర్తుంది.

అసూయ నన్ను పాత పుస్తకాల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఒక సంగతి బయటపడింది. రాసేవాళ్ల దగ్గర కథలు అయిపోయినట్టున్నాయి, పాత భాగాలనే ఊళ్లూ పేర్లూ మార్చి మళ్లీ తీస్తున్నారు. రెండో ఏటి పాల డెయిరీ కథ పదో ఏట ఐస్‌క్రీం ఫ్యాక్టరీ అయింది. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. గురువారంనాడు వచ్చే మర్నాటి కథ ప్రకటన చూసి, నా నోటుపుస్తకాల్లో పాత కథ వెతికిపెట్టుకునేదాన్ని. వరుసగా ఏడు వారాలు గెలిచాను. "ఏం తలకాయక్కా మీది!" అని ముబీనా నిజంగానే ఆశ్చర్యపోయేది. సిస్టరమ్మ మాత్రం "ఊఁ" అని ఊరుకునేవారు.

ఎనిమిదో వారం ఆసుపత్రి కథ. మూడో ఏటిది, నాకు వెంటనే తెలిసిపోయింది. విరామం దాకా తెరవైపు సరిగా చూడను కూడా లేదు. చీటీ రాసి పళ్లెం కింద పెట్టేశాను. ముగింపులో పట్టుబడింది పెద్ద డాక్టరుగారి భార్య. ఆ సంగతి మింగుడుపడకముందే ముబీనా నా చీటీ విప్పి గట్టిగా చదివింది.

"కాంపౌండర్ రాఘవులు." ఆమె చీటీ తిప్పి వెనకవైపు కూడా చూసింది. "రాఘవులు ఎవరక్కా? ఈ కతలో రాఘవులే లేడే! కాంపౌండరు పేరు వినీత్ కదా?"

పాత కథలోని పేరు యథాతథంగా దించేశాను. ప్రకటనలు వచ్చాయి. తర్వాత సిస్టరమ్మ నెమ్మదిగా అన్నారు: "రాఘవులు. ఇన్సులిన్ సీసా మార్చినాయన. ఆ పొద్దు నువ్వు ఏడ్సినావు, నేను నీకు నీళ్లు ఇచ్చినాను."

ఆమెకు అన్నీ గుర్తున్నాయి. ఏడు వారాలూ ఆమెకు తెలుసు.

"అప్పుడు సచ్చిపోయింది ఎవురు ప్రమీలా?"

హంతకుడి పేరు, సీసా రంగు, చివరి సంభాషణ అన్నీ నా నాలుకమీద ఉన్నాయి. పోయినామె పేరు మాత్రం రాలేదు. నేనే, మొదటి గీతమీద, నా చేత్తో రాసిన పేరు.

"లచ్చుమమ్మ," అన్నారు ఆమె. "వార్డు ఊడ్సే ఆమె." టీ గ్లాసులు తీసి కడగమని నాకు చెప్పలేదు, ముబీనాకు చెప్పారు.

మరుసటి శుక్రవారం నేను వచ్చేసరికి సిస్టరమ్మ నా కుర్చీ వీపుమీద చేయి వేసుకుని కూర్చున్నారు. "ముబీనా, నువ్వు రామ్మా, ఈ పక్క కూసో. నాకిప్పుడు అంతా అలికినట్టుండాది. ఏం జరగతాండాదో నువ్వు సూసి చెప్పు."

"అక్క చెప్తుంది కదా సిస్టరమ్మా, అక్క కుర్చీ ఇది," అంది ముబీనా. అనవలసిన మాటే. అయినా ఆ మాటకే ఆమెమీద నాకు ఇంకా మండింది.

"ప్రమీలకు యాలమ్మా ఈ పని? ఆయమ్మ పుస్తకం సూస్తాది. నాకు బొమ్మ సూసేవాళ్లు కావల్ల."

చాపమీద కూర్చున్నాను. అక్కడినుంచి నాకు కనిపించేవి వాళ్లిద్దరి వీపులు, మధ్యలో తెర. చూపు పోయిన మనిషికి కళ్లుగా ఉండడమంటే ఏమిటో నేను ముబీనా గొంతులో విన్నాను. "వాడు తలుపు తీయలేదమ్మా, తలుపుమీద చెయ్యి పెట్టి ఊరికే నిల్చుకున్నాడు." "ఆమె ఏడవడం లేదమ్మా, కొంగు మడతలు సరిచేసుకుంటాంది." నిజం ఒప్పుకోవాలి, సీరియల్‌కంటే ఆమె చెప్పడమే బాగుండేది. ఆ ఏటికి సీరియల్‌లో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఒకే మొహాన్ని మూడుసార్లు మూడువైపులనుంచి చూపించి, మూడుసార్లూ ఉరుము వినిపించేవారు. అలాంటప్పుడు ముబీనా తనే ఏదో కల్పించేది. ఇన్‌స్పెక్టరు టీలో ఈగ పడిందనీ, కానిస్టేబులు దాన్ని వేలితో తీశాడనీ.

ఒకసారి ఓర్చుకోలేకపోయాను. "బొమ్మలో అలా లేదు సిస్టరమ్మా. ముబీనా అబద్ధం చెబుతోంది."

ముబీనా నాలుక కరుచుకుంది. సిస్టరమ్మ తల కూడా తిప్పలేదు. "తెలుసులేమ్మా. ఆ ఉరుములు నాకూ ఇనబడతాండాయి గదా. ఈగ తీసినాడా ముబీనా, లేదా? టీ తాగినాడా?"

ఆ ఏడాది శుక్రవారాలు నేను ఒక్కటీ మానలేదు. మానితే ఆ చాపమీద చోటు కూడా పోతుందన్న భయం. సిస్టరమ్మ ఒక ఆదివారం ప్రార్థనకు వెళ్లి వచ్చి, మంచంమీద ఒరిగి, అలాగే వెళ్లిపోయారు. ఇల్లు బంధువులకు చేరింది. నేను పుంగనూరుకు బదిలీ చేయించుకున్నాను. ముబీనా వాళ్లు కుప్పం వెళ్లిపోయారు.

గత వేసవిలో ఒక పెళ్లికని కుప్పం వెళ్లి, పెళ్లికి పోకుండా ముబీనా ఇంటికి పోయాను. దుకాణం పెరిగింది, మిషన్లు నాలుగున్నాయి, ఆమెకు కళ్లజోడు వచ్చింది. సీరియల్ గురించి మాట్లాడుకున్నాం. ఇన్‌స్పెక్టరు ఫోటోకు దండ వేశారు, అతని కూతురు ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. చూడలేక మానేశానని ఆమె, మానలేక అప్పుడప్పుడూ చూస్తున్నానని నేను. చివరికి ఏళ్ల తరబడి నమిలిన ప్రశ్న బయటికి వచ్చింది.

"ఆ చివరి ఏడాది సిస్టరమ్మ నా గురించి ఏమైనా అనేవారా?"

ముబీనా చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. "చెప్తే కోపగించుకోరు కదా అక్కా?"

"కోపమేముంది?"

"ఇదో, ఇప్పుడు పడింది సూడండి, ముక్కు పక్కన మడత! ప్రమీలకు ఉడుకుమోత్తనం వస్తే ఎడమపక్క ముక్కుకాడ చిన్న మడత పడతాది, ఇప్పుడు పడిందా సూడు, అని నా చెవిలో అడిగేది. వారం వారం అడిగేది. నేను ఎనక్కి తిరిగి సూసి, పడిందమ్మా అంటే నవ్వుకునేది." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మీ మొగం అంతా ఆమెకు తెలుసక్కా. మీ జడ, మీ చీరలు, మీరు కొత్తగా వచ్చిన పొద్దు కట్టుకున్న పచ్చచీర. నా మొగం ఒక్కరోజు కూడా సూడలేదు. నేను వచ్చేసరికే కళ్లు పోయినాయి. ఒకసారి చేత్తో తడిమింది, అంతే. కుర్చీ ఇచ్చి ఏం లాభం? మీ మీద నాకు ఎంత కుళ్లో మీకు తెల్సునా?"

ఆ మాట విన్నప్పుడు నాకు ఆమెమీద జాలి కలిగి ఉండాలి. కలిగింది సంతోషం. ఇన్నేళ్లలో అంత సంతోషం ఎరగను. ఆమె చేయి పట్టుకుని ఏవో ఓదార్పు మాటలు చెప్పాను. అవన్నీ మర్యాద మాటలు. కుప్పం నుంచి పలమనేరు దాకా బస్సు కిటికీ అద్దంలో ఆ మడతకోసం వెతికాను. ఉంది. ఇప్పుడది కోపం లేనప్పుడు కూడా ఉంటోంది. సిస్టరమ్మ నా మొహంలో చూసి, చూపు పోయాక కూడా వారం వారం అడిగి తెలుసుకున్నది అదొక్కటే కావచ్చు. అంత గొప్ప లక్షణమేమీ కాదది, ఓర్వలేనితనపు గుర్తు. అయినా దానిని ముబీనాకు ఇచ్చే మార్గమేదైనా ఉంటే ఇస్తానా అని అప్పుడప్పుడూ నన్ను నేను అడుగుతుంటాను. ప్రతిసారీ ఒకటే సమాధానం వస్తుంది. ఇవ్వను.